సండే స్కూలు మొదలుపెడుతున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయీ,

ప్రభువు నామంలో నీకు, నీ ఇంటివాళ్లకు వందనాలు. ఒడిశాలోని గుణుపూరులో మన తెలుగు పిల్లల కోసం సండే స్కూలు పెడుతున్నావని విని చాలా సంతోషించాను. పాటలు, కథలు, కంఠత వాక్యాలు నేర్పడం నీకు బాగానే వచ్చు. నేను పిల్లల మనసు గురించి మాత్రమే రాస్తాను. నీకూ ఇద్దరు బిడ్డలున్నారు, సగం సంగతులు ఇంట్లోనూ పనికొస్తాయి.

మొదటి రాజులు 19వ అధ్యాయం ఇంకోసారి చదువు. చచ్చిపోతే బాగుండునని కూలబడిపోయిన ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు పాఠం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ఇక్కడేం చేస్తున్నావని అడిగింది ఆ తర్వాతే. నీ బడిలోనూ అదే వరస పెట్టుకో. గంట బడిలో మొదటి పావుగంట పాఠం వద్దు. పొద్దున్న ఏమైనా తిన్నారా అని అడుగు, తిననివాళ్లకు గుప్పెడు అటుకులైనా పెట్టు. తర్వాత గుండ్రంగా కూర్చోబెట్టి, సంతోషం, దిగులు, భయం, కోపం, సిగ్గు ముఖాలు గీసిన అయిదు అట్టముక్కలు మధ్యలో పెట్టు. ఈ వారం ఎలా గడిచిందో నోటితో చెప్పలేని బిడ్డ వేలు పెట్టి చూపిస్తాడు. ముందు నీది నువ్వు చూపించు. చూపించనంటే వదిలెయ్, బలవంతం చేస్తే మరుసటి వారం వాడు రాడు. ఒక్క టీచరుకు ఎనిమిది, పదిమంది కంటే ఎక్కువైతే ఇదంతా సాగదు. ఆరేళ్లవాళ్లనీ పన్నెండేళ్లవాళ్లనీ కలిపి కూర్చోబెట్టకు, పెద్దవాళ్లు నవ్వుతారని చిన్నవాళ్లు నోరు విప్పరు.

వీళ్లు వారమంతా ఒడియా బడిలో చదువుకుని వస్తారు. తెలుగు అక్షరాలు చాలామందికి నీ దగ్గరే మొదలు. అందుకని వాక్యం అప్పజెప్పడాన్ని ఇంకో పరీక్షగా మార్చకు. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడితే అలాగే మాట్లాడనివ్వు, ఎవరూ వెక్కిరించకుండా చూసుకో.

మన వైపు పిల్లలకున్న పెద్ద బెంగ అమ్మానాన్నలు పనులకు వలసపోవడం. ఏడుస్తారని చాలామంది బిడ్డ నిద్రలో ఉండగానే విశాఖ రైలెక్కేస్తారు. పొద్దున్న లేచేసరికి నాన్న ఉండడు. అప్పటినుంచి ఆ పిల్లకు రాత్రి నిద్రపోవాలంటేనే భయం, లేస్తే ఇంకెవరు వెళ్లిపోతారోనని. తల్లిదండ్రులకు ఇది గట్టిగా చెప్పు: రెండురోజుల ముందే బిడ్డతో చెప్పాలి, ఎదురుగానే బయల్దేరాలి, ఏడిస్తే ఏడవనివ్వాలి. "రేపొచ్చేస్తా" అని అబద్ధం చెప్పకూడదు. ఎప్పుడొస్తారో తెలిస్తే క్యాలెండర్లో గుండ్రం చుట్టి, రోజుకో గీత కొట్టించాలి. ఫోన్ వారానికి ఒకసారే అయినా అదే రోజు, అదే వేళకు చెయ్యాలి. ముందు బిడ్డ మాట వినాలి, మార్కుల సంగతి ఆఖర్న.

ఏడుస్తున్న బిడ్డను ఎందుకేడుస్తున్నావని అడిగితే బదులు రాదు, తనకే తెలియదు. పక్కన కూర్చుని "నాన్న వెళ్లాక దిగులుగా ఉందా?" అని ఒక్క మాట అని ఊరుకో. కాసేపు ఫ్రాకు అంచు మెలితిప్పి, మెలితిప్పి, అప్పుడు చెబుతుంది. అక్కడ తొందరపడి "భయపడకు అని బైబిల్లో ఉంది కదా" అనేస్తే, భయపడటం పాపమనుకుని ఇక దాచుకోవడం నేర్చుకుంటుంది. 13వ కీర్తన చదివి వినిపించు. ఎంతకాలం నన్ను మరచిపోతావని దావీదే దేవుణ్ణి అడిగాడు. పిల్లలనూ అలాగే ఉన్నదున్నట్టు ప్రార్థించనివ్వు. బిడ్డ నీతో చెప్పుకున్న బాధను సంఘంలో ప్రార్థన అంశంగా చదవకు. పక్క తడిపే పిల్లాడి పేరు పదిమందిలో వినబడిందంటే వాడు మళ్లీ ఎవరికీ ఏమీ చెప్పడు. మొండికేసే బిడ్డను సాతాను పట్టాడనడం నీ బడిలో ఎవరి నోటా రాకూడదు.

ఇంట్లో నీ ఇద్దరికీ విడివిడిగా రోజుకు పది నిమిషాలివ్వు, ఫోన్ చేతిలో లేకుండా. ఆట ఏమిటో వాళ్లే చెప్పాలి. కొట్లాడుకున్నప్పుడు ముందు నీ కోపం దించుకో, తర్వాత "కోపం వచ్చింది కదూ, రావచ్చు, చెల్లిని మాత్రం కొట్టకూడదు" అను. నువ్వు గట్టిగా అరిచిన రోజు పడుకునేలోపు తప్పు నాదేనని చెప్పు. పిల్లల మనసు కుంగేలా కోపం పుట్టించవద్దని కొలొస్సయులు 3:21లో ఉన్నది పెద్దవాళ్ల కోసమే.

ఇరుగుపొరుగు వేరే మతాల పిల్లలూ పాటలకు వస్తారు, రానివ్వు. కానీ తల్లో తండ్రో రాసిచ్చిన అనుమతి కాగితం ఉండాలి. 1967 నాటి ఒడిశా మతస్వేచ్ఛా చట్టం బలవంతంతో, మోసంతో, ప్రలోభంతో మతం మార్చడాన్ని నిషేధించింది. పిల్లల విషయంలో శిక్ష రెండేళ్ల జైలు, 10,000 రూపాయల జరిమానా వరకూ ఉంది. చట్టం సంగతి అలా ఉంచు, బిస్కెట్ కోసం ప్రార్థన చేసిన బిడ్డకు ప్రేమ కూడా కొనుక్కునేదే అనిపిస్తుంది. వాక్యం చెప్పినా చెప్పకపోయినా, ప్రార్థనకు కళ్లు మూసినా మూయకపోయినా అందరికీ ఒకే బిస్కెట్.

గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, తలుపు తెరిచే ఉంచాలి. ఎవరికీ చెప్పనని ఏ బిడ్డకూ మాటివ్వకు. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేశారని బిడ్డ చెబితే నమ్ము, గుచ్చి గుచ్చి అడగకు, బిడ్డ అన్న మాటలే తేదీతో రాసుకో, ఆ రోజే పిల్లల సహాయ ఫోన్ 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పు. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసి చెప్పకపోవడం నేరం. సంఘ పెద్దల మధ్య రాజీ చేద్దామని ఎవరన్నా ఒప్పుకోకు.

నిద్ర, తిండి తగ్గడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బడి ఉన్న రోజుల్లోనే కడుపునొప్పి, ఆటలకు రాకపోవడం రెండు వారాలు దాటితే ఇంటివాళ్లతో మాట్లాడు. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం రెండు వారాలు చూడకు, ఆ పూటే కదులు, బిడ్డను ఒంటరిగా వదలొద్దని చెప్పు. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ 14416కి రాత్రయినా పగలయినా డబ్బుల్లేకుండా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. పెద్దాసుపత్రి అవసరమైతే బరంపురం మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రార్థన చేస్తున్నాం కదా, మందెందుకని అమ్మమ్మలు అడ్డుపడతారు. వాళ్లతో వాదించకు, ప్రార్థన చేసి, బస్సెక్కించి, వీలైతే నువ్వూ తోడు వెళ్లు.