లండన్ నుంచి టోక్యో 9,600 కిలోమీటర్లే, గంటకు 900 వేసుకున్నా 11 గంటలు దాటదు. మరి టికెట్ మీద 14 గంటలెందుకు?

మీ భాగహారం సరైనదే, 10 గంటల 40 నిమిషాలు వస్తుంది. తేడా మీరు తీసుకున్న అంకెల్లో ఉంది.

ముందు దూరం. గ్లోబు మీద లండన్ దగ్గర ఒక కొస, టోక్యో దగ్గర ఇంకో కొస పెట్టి దారం బిగించండి. 9,600 అంటే ఆ దారం పొడవు. అది నేరుగా తూర్పుకి పోదు. ఉత్తరంగా దాదాపు 70 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, సైబీరియా మీదుగా దిగుతుంది. 2022 ఫిబ్రవరి చివర్లో బ్రిటన్ విమానాలకు రష్యా ఆ గగనతలం మూసేసింది, జపాన్ విమానయాన సంస్థలూ ఆ దారి వదిలేశాయి. అంతకుముందు దాదాపు 12 గంటల్లో అయిపోయే ప్రయాణమే ఇది. ఇప్పుడు కాకసస్ (నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ మధ్య ప్రాంతం), మధ్య ఆసియా, చైనా చుట్టి వెళ్లాలి. వచ్చేటప్పుడైతే కొన్ని విమానాలు టోక్యోలో లేచి ఇంకా తూర్పుకే పోయి, అలాస్కా, గ్రీన్‌లాండ్ వైపు నుంచి లండన్ చేరతాయి. వింతగా ఉంటుంది కానీ, ఎదురుగాలి తప్పించుకోవడానికి అదే మేలు.

ఇక 900. అది గాలితో పోల్చిన వేగం. 11 కిలోమీటర్ల ఎత్తున మైనస్ 56 డిగ్రీల చలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కి.మీ.; ఇలాంటి దూరప్రయాణాల విమానాలు అందులో సుమారు 0.85 వంతు వేగంతో పోతాయి, అంటే 900. అక్కడ పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి గంటకు వంద కిలోమీటర్లు తోస్తే నేల మీద వేగం 1,000, ఎదురొస్తే 800. అదే 9,600కి ఒకవైపు 9 గంటల 36 నిమిషాలు, రెండోవైపు 12 గంటలు. రానూపోనూ కలిపినా గాలి లేని రోజుకన్నా 16 నిమిషాలు ఎక్కువే, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం.

టికెట్ మీద ఉండేది గాల్లో ఉన్న సమయం కూడా కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా విమానం నేల మీద మెల్లగా పోవడం, దిగే ముందు వరుసలో చక్కర్లు, ఆలస్యం కనబడకుండా సంస్థ కలుపుకున్న కాసిని నిమిషాలు, అన్నీ అందులోనే.

టైముల్లో తీసివేత చేసేటప్పుడు జాగ్రత్త. శీతాకాలంలో టోక్యో 9 గంటలు ముందు, లండన్‌లో వేసవి సమయం నడిచేటప్పుడు 8. జనవరిలో ఉదయం 11కి బయల్దేరి మర్నాడు ఉదయం 10కి దిగితే గడియారంలో 23 గంటలు; తొమ్మిది తీస్తే 14. కొన్ని సైట్లు దూరాన్ని నాటికల్ మైళ్లలో ఇస్తాయి. 5,180 అని కనబడితే దగ్గరి దారి దొరికిందనుకోకండి, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు.

కనెక్షన్ ఫ్లైట్ చూసుకుంటుంటే ఈ లెక్కలేవీ వద్దు. ముందు దిగే ఫ్లైట్ నంబరును విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో కొట్టి, గత వారం రోజులు నిజంగా ఎన్నింటికి దిగిందో చూడండి. అందులో అన్నిటికన్నా ఆలస్యమైన రోజును పట్టుకోండి, సగటును కాదు.