అందరూ ఉన్నా పీహెచ్‌డీలో ఒంటరినే

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పీహెచ్‌డీలో ఇది నాలుగో ఏడు. బాబుకు ఏడాదిన్నర. మావారు, అత్తగారు మంచివాళ్లే. అయినా ఆరు నెలలుగా థీసిస్‌లో ఒక్క పేజీ రాయలేదు. గైడుగారి ఎదుట పడాలంటే భయం. ‘ఇంకా ఎన్నాళ్లు?’ అని బంధువులు అడుగుతుంటే మానేయాలనిపిస్తోంది.
– ఒక సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, ‘మంచివాళ్లే’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంట్లో మంచితనం ఉంది. మీ పని ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. కోర్సువర్క్ ఉన్నన్నాళ్లూ తరగతులు, పరీక్షలు, పక్కన తోటివారు ఉంటారు. అది ముగిశాక ఎవరి అధ్యాయం వారిది. ఎంతో తెలివైన పరిశోధకులు సరిగ్గా ఇక్కడే చతికిలబడటం చూశాను. కాబట్టి ‘నాకు చేతకాదు’ అని తీర్పు చెప్పేసుకోకండి.

ఈ రాత్రే మీవారికి ఒక అధ్యాయంలోని కథంతా తేలిక మాటల్లో చెప్పండి. ‘సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏమీ తోచదు. ‘మంగళ, శుక్రవారాలు పది నుంచి రెండు దాకా బాబును చూడండి’ అని అత్తగారిని అడిగితే ఆమెకు దారి దొరుకుతుంది. ఆ నాలుగు గంటలూ ఇంట్లో కూర్చోవద్దు, బాబు ఏడిస్తే లేచిపోతారు. బస్సెక్కి ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లండి. మీలాగే రాయలేక సతమతమవుతున్న తోటి స్కాలర్‌ను కూడా పిలవండి. ఇద్దరి విషయాలూ వేరైనా ఫరవాలేదు, పక్కన మరొకరు రాస్తుంటే మన కలమూ కదులుతుంది.

గైడుగారి దగ్గరకు పూర్తి అధ్యాయంతోనే వెళ్లాలనుకుంటే ఎప్పటికీ వెళ్లలేరు. ఎక్కడ ఆగిపోయారో ఒక్క పేజీలో రాసి తీసుకెళ్లండి. ఎలాగూ ప్రతి సెమిస్టరులో మీ పరిశోధన సలహా సంఘం ముందు పని ఎంతవరకు వచ్చిందో చెప్పాల్సిందే.

గడువు గురించి కూడా భయపడకండి. 2022 యూజీసీ నిబంధనల్లో గరిష్ఠ గడువు ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్లు, మొత్తం పదేళ్ల దాకా అవకాశం ఉంది. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఇస్తారు. మీరు దాన్ని వాడుకున్నారా? యూనివర్సిటీ ఆఫీసులో అడగండి.

నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

గైడుగారిని కలిశాక ఏమన్నారో నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.