షెడ్డులో తలనొప్పి.. ఇంటికెళ్తే మాయం!

ప్రశ్న: నా వయసు 34. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఇంజన్ పని చేస్తాను. వానలు మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం దాటేసరికి తలనొప్పి, వికారం. ఇంటికెళ్లి పడుకుంటే తగ్గుతోంది. ఆదివారం అసలు రాదు. కళ్లద్దాలు మార్చినా ఉపయోగం లేదు. మా షెడ్డులో కుర్రాడికీ ఇలాగే ఉంటోంది. వేళ్ల సందుల్లో చర్మం కూడా పగులుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇది మైగ్రేన్ అయితే మీకూ, కుర్రాడికీ ఒకే వేళకు రాదు కదా! పైగా ఆదివారం సెలవు తీసుకోదు. మీరు చెప్పిన లక్షణాలకు ముందుగా అనుమానించాల్సింది ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను. జల్లు కొడుతోందని షట్టర్ సగం దించి, బండి స్టార్ట్‌లో ఉంచే పని చేస్తున్నారేమో గుర్తు చేసుకోండి.

ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. పొగ కనపడటం లేదు కాబట్టి ఫర్వాలేదనుకుంటాం. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు అందాల్సిన ఆక్సిజన్ తగ్గిపోతుంది. మంచి గాలిలోకి వచ్చాక కూడా రక్తంలో అది సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. పెట్రోల్ బండి చల్లగా ఉండగా స్టార్ట్ చేసినప్పుడు ఇది మరీ ఎక్కువ వస్తుంది.

కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుని, 98 చూపించిందని ధీమా పడకండి. ఆక్సిజన్‌కూ ఈ వాయువుకూ తేడా దానికి తెలియదు. కార్బాక్సీ హిమోగ్లోబిన్ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి. అదీ తలనొప్పి ఉన్నప్పుడే, షెడ్డు నుంచి నేరుగా వెళ్లి. మర్నాడు పొద్దున వెళ్తే నార్మల్ అని రావచ్చు. సిగరెట్ అలవాటుంటే డాక్టర్‌కు చెప్పండి, దానివల్లా ఈ అంకె పెరుగుతుంది.

పరీక్ష సంగతి ఎలా ఉన్నా, రేపటి నుంచే ఇంజన్ నడిపే పని షట్టర్ పూర్తిగా ఎత్తాకో, బండిని బయటికి తోశాకో చేయండి. లోపలే తప్పదంటే సైలెన్సర్‌కు గొట్టం తగిలించి పొగను బయటికి పంపండి. టేబుల్ ఫ్యాన్ లోపలి గాలినే తిప్పుతుంది. కర్చీఫ్, ఎన్95 మాస్క్ ఈ వాయువును ఆపలేవు. పొగను కడిగేస్తుందని సాయంత్రం తినే బెల్లం ముక్క కూడా అంతే, రుచికి తినండి. ఎవరైనా తూలినా, మత్తుగా ఉన్నా వెంటనే ఆరుబయటికి తీసుకొచ్చి 108కు ఫోన్ చేయండి. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాల్సి ఉంటుంది.

ఇక చేతులు. గ్రీజు వదలడానికి పెట్రోలుతో కడుగుతున్నారనుకుంటాను, చాలామంది మెకానిక్‌లు చేసేదే. పెట్రోల్ జిడ్డుతోపాటు చర్మంలోని నూనెనూ లాగేస్తుంది. కొబ్బరినూనె రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. పడుకునే ముందు వాజిలిన్ రాయండి. నైట్రైల్ అనే రబ్బరు గ్లౌజులు మంచివే, కానీ తిరిగే బెల్టు దగ్గర ఏ గ్లౌజులూ వద్దు, పట్టి లాగేస్తుంది. ఆయిల్ గుడ్డను ప్యాంటు జేబులో కుక్కుకోవడం మానండి. వాడిన ఇంజన్ ఆయిల్ ఏళ్ల తరబడి ఒంటికి తగిలితే చర్మ క్యాన్సర్ ముప్పు ఉంది. రెండు మూడు వారాల్లో పగుళ్లు మానకపోతే చర్మ వైద్యులకు చూపించండి, కుర్రాడి చేతులు కూడా.