కంప్యూటర్ సందేహాలు: ఉమ్మడి డ్రైవ్‌లో వేల ఫైళ్లకు ఒకేసారి పేర్లు మార్చడం

ప్రశ్న: మాది ఆడిటర్ గారి ఆఫీసు. ఆరుగురం పనిచేస్తాం. సర్వర్‌లోని ఒక ఫోల్డరు మా అందరి కంప్యూటర్లలోనూ జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, ఎక్సెల్ షీట్లు కలిపి అందులో నాలుగు వేలకు పైగా ఫైళ్లున్నాయి. ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టడంతో ఏదీ వెతికితే దొరకడం లేదు. అన్నిటికీ ఒకే పద్ధతిలో పేర్లుండాలని సార్ అంటున్నారు. ఒక్కసారిగా మార్చే మార్గముందా? కొన్ని ఫైళ్లకు పేరు మార్చబోతే ‘వేరొకరు వాడుతున్నారు’ అని వస్తోంది, ఎందుకు? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మార్గాలు చాలానే ఉన్నాయి, వాటిలో మంచివి ఉచితం కూడా. అయితే మీ సొంత కంప్యూటర్‌లో పేరు మార్చడానికీ ఆరుగురు వాడే డ్రైవ్‌లో మార్చడానికీ తేడా ఉంది. ఇక్కడ ఫైలు పేరు మీ ఒక్కరిదే కాదు. ఆ పేరును నమ్ముకొని పక్క బల్ల మీది ఎక్సెల్ షీటు, ఎవరో డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న షార్ట్‌కట్, రాత్రి పూట నడిచే బ్యాకప్ పనిచేస్తుంటాయి. కాబట్టి మార్చే పనికి పట్టే సమయంకంటే ఏ పేరు పెట్టాలో తేల్చుకోవడానికే ఎక్కువ సమయం కేటాయించండి.

మీ ఆఫీసులో ముందుగా తేల్చవలసినది సంవత్సరం సంగతి. ‘2024-25’ అని ఉన్న ఫైలు ఆర్థిక సంవత్సరానిదా, అసెస్‌మెంట్ సంవత్సరానిదా (ఆ ఆదాయాన్ని పన్నుకు లెక్కగట్టే తర్వాతి సంవత్సరం)? 2023-24 ఆర్థిక సంవత్సరపు రిటర్నుకు అసెస్‌మెంట్ సంవత్సరం 2024-25 అవుతుంది గనుక, ఒకే పార్టీకి చెందిన రెండు వేర్వేరు సంవత్సరాల కాగితాలు ఒకే అంకె కింద చేరిపోయి ఉండవచ్చు. ఈ తేడా ఏ సాఫ్ట్‌వేరుకూ తెలియదు. ఏదో ఒకటి ఖాయం చేసుకొని, అంకెకు ముందు ‘ఎఫ్‌వై’ అనో ‘ఏవై’ అనో తప్పక చేర్చండి. పేరులో తేదీ కూడా కావాలంటే సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో రాయండి. అప్పుడు అక్షర క్రమంలో పేర్చినా కాలక్రమంలోనే వస్తాయి. క్లయింటు పాన్ నంబరును ఫైలు పేరులో పెట్టడం నాకు సమ్మతం కాదు. ఫోల్డరు తెరిచిన ప్రతివారికీ, మెయిల్‌లో ఆ ఫైలు అందుకున్న ప్రతివారికీ అది కనిపిస్తుంది. దాని బదులు ఆఫీసులో వాడే క్లయింటు కోడ్ సరిపోతుంది.

కొన్ని గుర్తులను విండోస్ ఫైలు పేరులో ఒప్పుకోదు. ఏటవాలు గీతలు రెండూ, కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, జంట కొటేషన్, కోణపు బ్రాకెట్లు, నిలువు గీత ఆ కోవలోవి. మీ వృత్తిలో ‘మెసర్స్’ను ఎం, ఏటవాలు గీత, ఎస్ అని రాసే అలవాటుంది కదా, అది అక్కడే ఆగిపోతుంది. పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉండకూడదు.

ఇక ఫైళ్లను రెండు కుప్పలుగా విడదీయండి. సమాచారం పేరులోనే ఉండి పద్ధతి మాత్రమే తప్పినవి ఒక కుప్ప. స్కానరు ఇచ్చిన వరుస సంఖ్య తప్ప పేరులో ఏమీ లేనివి రెండో కుప్ప. ఈ రెండో కుప్పను ఏ సాధనమూ నమ్మకంగా సరిచేయలేదు. మనిషి తెరిచి చూడవలసిందే. ఆరుగురూ పంచుకోండి.

మొదటి కుప్పకు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని పవర్‌రీనేమ్ చాలు. ఫైళ్లను ఎంచుకొని రైట్‌క్లిక్ చేస్తే, వెతకవలసిన మాట ఒక గడిలో, దాని స్థానంలో రావలసిన మాట మరో గడిలో ఇవ్వవచ్చు. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన చూపించి, మీరు సరేనన్న తర్వాతే మారుస్తుంది. విండోస్‌లో ఎలాగూ ఉన్న ఎఫ్2 పద్ధతిని మాత్రం ఇక్కడ వాడవద్దు. అన్నిటినీ ఎంచుకొని ఒక పేరు కొడితే, ఆ పేరుకే బ్రాకెట్లలో ఒకటి, రెండు అంటూ అంకెలు తగిలిస్తుంది. పాత పేర్లలో ఉన్న కాస్త సమాచారమూ పోతుంది. అలా జరిగితే వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కండి.

రెండో కుప్పకు ఎక్సెల్ జాబితా మంచిది. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైళ్లన్నిటినీ ఎంచుకొని, షిఫ్ట్ పట్టి రైట్‌క్లిక్ చేసి ‘కాపీ యాజ్ పాత్’ నొక్కి షీటులో అతికిస్తే ఒక నిలువు వరుసలో పాత పేర్లు వస్తాయి. ఎదురుగా కొత్త పేర్లు రాసుకోండి. ఒకే ఫోల్డరులో ఒకే కొత్త పేరు రెండు ఫైళ్లకు పడిందేమో, ఒక పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ఎక్సెల్ సూత్రం కౌంట్‌ఇఫ్‌తో చూసుకోండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాను మామూలుగా విండోస్ పట్టించుకోదు, కౌంట్‌ఇఫ్ కూడా పట్టించుకోదు కాబట్టి ఈ పరీక్ష సరిగ్గా సరిపోతుంది. ఆ జాబితాను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా జాబితా ఫైలుగా) భద్రపరిచి, విండోస్‌లోనే ఉండే, ఆదేశాలు టైపు చేసే సాధనమైన పవర్‌షెల్‌తో చదివిస్తే వరుసగా పేర్లు మార్చేస్తుంది. ముందు ‘వాట్ ఇఫ్’ అన్న స్విచ్చితో నడిపితే ఏదీ మార్చకుండా, ఏం మార్చబోతోందో మాత్రమే చెబుతుంది. ఆ జాబితాను పని అయ్యాక పారేయవద్దు. నెల తర్వాత ఎవరైనా పాత పేరు పట్టుకొని వస్తే దిక్కు అదే.

‘వేరొకరు వాడుతున్నారు’ అన్న సందేశానికి కారణం మామూలుగా ఎవరో ఆ ఫైలు తెరిచి ఉంచడమే. అయితే తెరవకపోయినా, ఎక్స్‌ప్లోరర్ కుడివైపు కనిపించే ప్రివ్యూ కూడా పీడీఎఫ్‌ను పట్టుకొని ఉండగలదు. ఫోల్డరు పేరు మార్చేటప్పుడు థంబ్స్ డీబీ అన్న దాగి ఉండే ఫైలు అడ్డుపడటమూ ఉంది. సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్‌లో చూస్తే ఏ ఫైలు ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. అక్కడినుంచే బలవంతంగా మూయించే వీలున్నా ఆ పని చేయవద్దు, అవతలివారు సేవ్ చేయనిది పోతుంది. సాయంత్రం అందరూ కంప్యూటర్లు ఆపి వెళ్లాక మార్చడం ఉత్తమం. ‘అనుమతి లేదు’ అని వస్తే అది వేరే సంగతి: పేరు మార్చాలంటే రాసే హక్కు ఒక్కటే చాలదు, తొలగించే హక్కు కూడా ఉండాలి. ‘మోడిఫై’ అనుమతిలో ఆ రెండూ ఉంటాయి.

ఇంటినుంచి వీపీఎన్ మీద (ఇంటర్నెట్ ద్వారా ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే దారి మీద) ఈ పని పెట్టుకోకండి. పేరు మార్చినంత మాత్రాన ఫైలులోని సరుకు నెట్‌వర్క్ దాటి రాదు, కానీ ప్రతి ఫైలుకూ సర్వర్‌తో కొన్నిసార్లు అడిగి చెప్పించుకోవాలి. వేల ఫైళ్లకు అది కూడుకుంటూ పోతుంది, మధ్యలో లైను తెగితే సగం పాత పేర్లు, సగం కొత్త పేర్లు మిగులుతాయి.

ఒక ఎక్సెల్ ఫైలు మరో ఫైలునుంచి అంకెలు తెచ్చుకుంటున్నట్లయితే, రెండో దాని పేరు మారగానే ఆ లింకు తెగుతుంది. డేటా మెనూలోని ఎడిట్ లింక్స్‌లో (కొత్త ఎక్సెల్‌లో దీని పేరు వర్క్‌బుక్ లింక్స్) ‘ఛేంజ్ సోర్స్’ ద్వారా కొత్త పేరు చూపించాలి. బ్యాలెన్స్ షీట్లు ఇలా ముడిపడి ఉంటాయి కాబట్టి వాటిని ఈ సామూహిక మార్పిడినుంచి తప్పించి, విడిగా చూసుకోవడం నా సలహా. ఆ రాత్రి బ్యాకప్ మామూలుకంటే ఎక్కువ సేపు నడిచినా కంగారు పడవద్దు. పేరు మారిన వాటిని కొత్త ఫైళ్లుగా లెక్కించే బ్యాకప్ సాధనాలు ఉన్నాయి.

ప్రశ్న: మా తెలుగు సంఘం పాత వ్యాసాలకు తెలుగులోనే పొడవైన పేర్లు పెట్టాం. నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉన్నాయి గానీ, అందరికీ కలిపి కొన్న నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ ఫైళ్లు దాచుకునే పెట్టె)లోకి కాపీ చేస్తే కొన్ని ఫైళ్ల పేర్లు మరీ పొడవన్న ఎర్రర్ వస్తోంది. – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: విండోస్ ఫైలు పేరును 255 యూనిట్ల వరకు ఒప్పుకుంటుంది, అందులో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ ఒక యూనిట్. నాస్ పెట్టెల్లో ఎక్కువభాగం లినక్స్ మీద నడుస్తాయి. అక్కడ సాధారణ పరిమితి 255 బైట్లు. అక్కడ అక్షరాలను భద్రపరిచే పద్ధతి యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి కనుక మీకు దక్కేది 85 గుర్తులే. పైగా కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి ఆరు గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు. వ్యాసం శీర్షిక, రచయిత పేరు, సంచిక నెల అన్నీ ఒకే పేరులో పెడితే హద్దు దాటడం సహజం. సంచిక సంవత్సరాన్నీ నెలనూ ఫోల్డరు పేరుకు బదిలీ చేసి, ఫైలుకు క్లుప్తమైన శీర్షిక ఉంచండి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు దానితో, మరొకరు అది లేకుండా టైపు చేస్తే వెతుకులాటలో ఒక ఫైలు దొరికి ఇంకొకటి దొరకకపోవచ్చు. పవర్‌రీనేమ్‌లో ఆ గుర్తును వెతికే గడిలో అతికించి, రెండో గడి ఖాళీగా వదిలేస్తే అన్ని పేర్లలోనుంచీ పోతుంది, కాకపోతే పొల్లు పక్క హల్లుతో కలిసి ఒత్తుగా మారుతుంది. ఆ రూపం మీకు నచ్చకపోతే, కొత్త ఫైళ్లన్నిటికీ పేర్లు పెట్టే పనిని ఒక్కరికే అప్పగించండి.