ముద్ద దిగడం లేదు... ఒంట్లో బలం ఎలా వస్తుంది?

ప్రశ్న: మాది గాజువాక. వయసు 26. ఎనిమిది నెలల కిందట నాపై లైంగిక దాడి జరిగింది. ఇంట్లో మా వదినకి తప్ప ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి అన్నం చూస్తే వికారం, గొంతు పట్టేసినట్టు ఉంటోంది. పగలంతా టీతో గడిపేసి, రాత్రి ఎవరూ లేనప్పుడు బిస్కెట్ ప్యాకెట్లు తినేస్తున్నాను. ఏడు కిలోలు తగ్గాను, జుట్టు ఊడుతోంది, రెండు నెలలుగా నెలసరి లేదు. ఏం తినమంటారు?

డాక్టర్ సలహా: అమ్మా, ముద్ద దిగకపోవడం మీ మొండితనం కాదు, జరిగినదాంట్లో మీ తప్పూ లేదు. భయంలో ఉన్న ఒళ్లు తిండి సంగతి పక్కన పెట్టేస్తుంది. భయంలో ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, జీర్ణం మందగిస్తుంది, గొంతు బిగుసుకుంటుంది. ఎనిమిది నెలలైనా మీ ఒళ్లు ప్రమాదం పోయిందని ఇంకా నమ్మలేదు, అంతే. రాత్రి బిస్కెట్ల గురించి కూడా సిగ్గుపడకండి, పగలంతా పస్తున్న ఒళ్లు దొరికింది లాక్కుంటుంది.

పొద్దుటి నుంచి టీ మీదే ఉంటే సాయంత్రానికి చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి. అందులో కొంత ఆకలి, కొంత టీ చేసే పని, కానీ మీకు మాత్రం ఆ రోజు భయమే తిరిగొచ్చినట్టు అనిపిస్తుంది. అందుకే ఏం తిన్నారన్నది తర్వాత, ముందు మూడు గంటలకోసారి కొంచెం ఏదైనా లోపలికి వెళ్లాలి.

కంచం చూస్తేనే తిప్పుతుంటే కంచం వద్దు, గ్లాసుతో మొదలుపెట్టండి. మన వైపు చోడి (రాగి) అంబలి ఉండనే ఉంది కదా, పల్చగా కాచి, చల్లారాక మజ్జిగ, చిటికెడు ఉప్పు కలుపుకుని గుక్కగుక్కగా తాగండి. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, తిండి చాలక నెలసరి ఆగినప్పుడు ఎముకలూ బలహీనపడతాయి కాబట్టి అది మీకు అవసరం. తర్వాత మెత్తటి ఇడ్లీ, పెసరకట్టు, పెరుగన్నం, అరటిపండు, పల్లీ ఉండ. గుడ్డు పడితే రోజూ ఒకటి, అందులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. కానాగంతల చేపల పులుసు మంచిదే, అయితే వాసన పడకపోతే వదిలేయండి. టీ రోజుకి రెండు కప్పులు చాలు, అదీ తిండికి గంట దూరంగా, లేకపోతే తిన్నదాంట్లోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

ఈ మాట మీ వదినగారికి. నోటి దగ్గర ముద్ద పెట్టి "తినాల్సిందే" అనకండమ్మా, ప్రేమతోనైనా సరే. తన ఇష్టం లేకుండా తన ఒంటి మీద జరిగిన దానివల్లే ఈ గాయం. "అంబలిలో మజ్జిగా, బెల్లమా?" అని అడగండి, వద్దంటే గ్లాసు మూతపెట్టి వెళ్లిపోండి. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి వంటింట్లో గోడకి వీపు ఆనించి, గుమ్మం కనిపించేలా పీట వేసుకుంటేనే నాలుగు ముద్దలు తినగలిగేది. ఇంట్లోవాళ్లు ఆ పీటని అక్కడే ఉంచేశారు, ఎందుకని అడగలేదు. కొన్ని నెలలకి తనే గిన్నె పట్టుకుని వరండాలోకి వచ్చింది.

తిండితో పాటు పరీక్షలు కూడా ఉన్నాయి. ఈ వారంలోనే విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో గానీ, మీకు నమ్మకమున్న లేడీ డాక్టర్ దగ్గర గానీ హిమోగ్లోబిన్, థైరాయిడ్, గర్భ పరీక్ష, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ చేయించుకోండి. లోపలి పరీక్ష వద్దనిపిస్తే వద్దని చెప్పే హక్కు మీది. కేసు పెడితేనే వైద్యం అనే షరతు లేదు, ఇలాంటి దాడికి గురైనవాళ్లకి ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా వైద్యం చేయాలని చట్టమే చెబుతోంది. (ఇది చదివేవాళ్లలో ఈ మధ్యే దాడికి గురైనవాళ్లుంటే ఆలస్యం చేయకండి, హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే 28 రోజుల మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, గర్భం రాకుండా వేసుకునే మాత్ర అయిదు రోజుల్లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది.)

మనసు విప్పి మాట్లాడాలంటే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకైనా వెళ్లొచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181. కళ్లు తిరిగి పడిపోయినా, నీళ్లు కూడా నిలవకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంట్లో రోజూ బరువు చూసుకోవద్దు, నెలకోసారి డాక్టర్ దగ్గర చూస్తే చాలు. వెళ్లేటప్పుడు వదినగారిని తోడు తీసుకెళ్లండి, లోపలికి రావాలా బయట కూర్చోవాలా అన్నది మీరే చెప్పండి.