అల్లుడూ, ఆ కెమెరాకు అడ్వాన్స్ ఇచ్చే ముందు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ యమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఫ్యూజీ జీఎఫ్ఎక్స్ కెమెరాకు అడ్వాన్స్ ఇవ్వబోతున్నావంట. బాడీ, ఒక లెన్సు కలిపి 7 లక్షలంట, మొత్తం లోనేనంట. ఫోన్లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా. నిదానంగా చదువు.

కెమెరా మంచిదా కాదా అన్న మాటే లేదు. చాలా మంచిది. 102 మెగాపిక్సెళ్లు, అంటే పొడవున 11648, ఎత్తున 8736 చుక్కలు. లోపల వెలుగును పట్టే సెన్సరు 43.8 బై 32.9 మిల్లీమీటర్లు, నీ దగ్గరున్న ఫుల్ ఫ్రేము (36 బై 24) సెన్సరు కంటే వైశాల్యంలో 1.7 రెట్లు పెద్దది. పెళ్ళికూతురి చెంప మీద వెలుగు నీడలోకి జారే చోట అది చూపించే తేడా నాకూ తెలుసు. నేనడిగేది ఒకటే. ఆ వివరమంతా తీస్తే నీ దగ్గర కొనేవాడెవడు?

పెళ్ళివాళ్ళకు మనం ఇచ్చేది 12 బై 36 ఆల్బమ్. విప్పితే ఒక్కో పేజీ 12 బై 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కలు వేసుకున్నా 3600 బై 5400, అంటే 20 మెగాపిక్సెళ్లు కూడా నిండవు. పేజీకి ఒక్కటే బొమ్మ పెడితే లెక్క అది. మన డిజైనరు పేజీకి నాలుగు పెడతాడు. నీ 24 మెగాపిక్సెళ్ల కెమెరానే అక్కడ ముప్పాతిక చుక్కలు పారేస్తోంది. ఇక ఫ్లెక్సు, హోర్డింగు అంటావా, వాటిని రోడ్డు అవతల నుంచి చూస్తారు. అంగుళానికి 30 చుక్కలున్నా కళ్ళకు ఆనుతుంది.

ఫైళ్ల సంగతి చూడు. కంప్రెస్ చేయకుండా తీస్తే ఒక్క రా ఫైలు, అంటే ఎడిటింగుకు ముందు సెన్సరు ఇచ్చే పచ్చి ఫైలు, సుమారు 200 ఎంబీ. పెళ్ళికి నువ్వు 2500 ఫోటోలు కొడతావు కదా, 500 జీబీ అయింది. కంప్రెస్ చేస్తే తగ్గుతుందనుకో, అయినా రెండు కాపీలు దాచాలి. నీ ఎడిటరు సిస్టము ఇప్పుడే మూలుగుతోందని పోయిన నెల నువ్వే చెప్పావు. కెమెరాతో పాటు కంప్యూటరు, కార్డులు, డిస్కులు కూడా కొనాల్సి వస్తుంది. ఆ ఖర్చు షాపువాడు రాసిచ్చిన 7 లక్షల చీటీలో లేదు.

ఇంకోటి, చుక్కలు పెరిగేకొద్దీ తప్పులూ పెద్దగా కనపడతాయి. చెయ్యి వణికితే బాడీలోని స్టెబిలైజరు సర్దుతుంది, తలంబ్రాలు పోస్తూ ఊగే పెళ్ళికూతుర్ని మాత్రం అది ఆపలేదు. ఫోకస్ కంటి మీద కాక కనుబొమ మీద పడితే మామూలు కెమెరాలో ఎవరికీ తెలియదు, దీంట్లో తెల్లారి స్క్రీను మీద నీకు తెలుస్తుంది. ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్ వేసినప్పుడు షట్టరు వెళ్ళగలిగే గరిష్ఠ వేగం, 125వ వంతు సెకను దగ్గరే ఆగిపోతుంది. ఆరుబయట పందిట్లో పగటి ముహూర్తానికి ఫ్లాష్ వేయాలంటే అది ఎంత ఇబ్బందో నీకు వేరే చెప్పాలా?

ఇదంతా నాకు ఊరికే తెలియలేదురా. ఫిలిం రోజుల్లో చెన్నైలో ఒక సెకండ్ హ్యాండ్ మామియా ఆర్బీ67 చూసి మనసు పారేసుకున్నా. ఆరు బై ఏడు సెంటీమీటర్ల నెగటివు, లెన్సుతో కలిపి రెండున్నర కిలోల పైన బరువు. 120 రోలు వేస్తే 10 బొమ్మలు, అంతే. ఫిలిం బ్యాకు, అంటే రోలు పెట్టి కెమెరా వెనక తగిలించే డబ్బా, నా దగ్గర ఒక్కటే ఉండేది. తిరుచానూరులో ఒక పెళ్ళి. గణపతి పూజకూ గౌరీ పూజకూ ధారాళంగా కొట్టేశాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి రోలు అయిపోయింది. నేను వంగి బ్యాకు ఊడదీసి, కొత్త రోలు కొస కిందనుంచి పైకి లాగి, బాణం గుర్తు చుక్కకు కలిపి, మూత వేసి తలెత్తేసరికి తెర తీసేశారు. ఆ పెళ్ళికూతురి తండ్రి నన్నేమీ అనలేదు. ఆల్బమ్ ఇచ్చిన రోజు పేజీలు తిప్పి, అక్కడ ఆగి, మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళయినా ఆయన వేలు ఆ పేజీ మీద ఆగడం నా కళ్ళల్లోంచి పోలేదు. ఆ కెమెరా తప్పేమీ లేదు. స్టూడియోలో స్టాండు మీద దానంత గొప్పది లేదు. పెళ్ళికి తీసుకెళ్ళిన తప్పు నాది.

ధర సంగతి కూడా విను. ఫ్యూజీవాళ్ళు 102 మెగాపిక్సెళ్ల మొదటి జీఎఫ్ఎక్స్ 100ను 2019లో 10 వేల డాలర్లకు తెచ్చారు. 2021లో 100ఎస్ 6 వేలకు వచ్చింది. 2024లో 100ఎస్ రెండోది 5 వేలకు. చుక్కలు అవే, ఐదేళ్ళలో ధర సగం. మొదట కొన్నవాడి దగ్గర ఆ పోయిన సగం ధరకు తగ్గ పని ఉండుంటే సరే, లేకుంటే ఆ దుడ్డు నీళ్ళలో పోసినట్టే.

సిగ్మా వాళ్ళ ఎస్‌డీ1 కెమెరా గతి ఇంకా ఘోరం. 2011లో దాని లిస్టు ధర 9,700 డాలర్లు. 46 మెగాపిక్సెళ్లని చెప్పేవాళ్ళు. దాంట్లో ఫోవియాన్ సెన్సరు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు ఒకదాని కింద ఒకటి మూడు పొరలు. ఒక్కో పొరలో 4800 బై 3200 చుక్కలు, మూడూ కలిపితే 46. బొమ్మ సైజు చూస్తే 15 మెగాపిక్సెళ్లే. మంచి వెలుతురులో తీస్తే బట్ట నేతలో పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. వెలుతురు తక్కువై ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) పెంచితే మాత్రం రంగులు చెదిరిపోయేవి. వీడియో లేదు, వెనక స్క్రీను మీద చూస్తూ తీసే లైవ్ వ్యూ లేదు. 2012 ఫిబ్రవరిలో అదే సెన్సరున్న ఆ కెమెరాకు ఎస్‌డీ1 మెరిల్ అని పేరు మార్చి, 2,300 డాలర్లకు అటూ ఇటుగా అమ్మారు. ముందే కొన్నవాళ్ళకు మళ్ళీ సిగ్మా సరుకే కొనుక్కోమని పాయింట్లు ఇచ్చారు. కొందరికే పనికొచ్చే కెమెరాకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కొనేవాళ్ళు తక్కువ కాబట్టి తిరిగి అమ్మబోతే అడిగేవాడూ ఉండడు. మన తిరుపతిలో అసలుండడు.

మరి దానికి తగ్గ పని లేదా అంటే, ఉంది. నువ్వు మీ యమ్మతో చెప్పిన, ఆ శ్రీకాళహస్తి కలంకారీ బట్టలకు ఫోటోలు తీసే పని అదే. ఆ మాట విన్నాక నాకు నీమీద గౌరవం పెరిగింది. కరక్కాయ రసంలో, పాలల్లో తడిపి ఆరబెట్టిన బట్ట మీద వెదురు కలంతో గీసిన నల్ల గీత అంచు ఉంటుందే, ఇనుము, బెల్లం పులియబెట్టి తీసిన ఆ నలుపు, అది పోగులోకి ఎక్కడిదాకా దిగిందో కనపడాలి. దూరదేశంలో కూర్చుని కొనేవాడు చూసేది దాన్నే. రెండు మీటర్ల బట్టను నీ కెమెరాతో ఒకే బొమ్మగా తీస్తే ఒక్కో చుక్క 0.33 మిల్లీమీటర్లు కప్పుతుంది. జీఎఫ్ఎక్స్ అయితే 0.17. ఇక్కడ ఆ తేడాకు విలువుంది.

అయితే ఆ పని నీ కెమెరాతోనే చేయొచ్చు. బట్టను బల్లకు బిగించు. తొమ్మిది ముక్కలుగా, మూడు వరసలు మూడేసి, ఒక్కోటీ పక్కదాని మీద 30 శాతం పడేలా తీసి అతికించు. 14400 బై 9600 చుక్కలు వస్తాయి, ఆ 7 లక్షల కెమెరా ఇచ్చే దానికన్నా ఎక్కువే. కెమెరాను తిప్పకు, స్టాండును జరుపు. తిప్పితే గీతలు వంకర పోతాయి. దగ్గరి నుంచి తీసే మ్యాక్రో లెన్సు, దాని కన్ను ఎఫ్8 దగ్గర, రెండు లైట్లు రెండు పక్కల 45 డిగ్రీల్లో. కెమెరా బట్టకు సరిగ్గా ఎదురుగా ఉందో లేదో తెలియాలంటే, బట్ట మధ్యలో ఒక చిన్న అద్దం ఆనించి పెట్టి వ్యూఫైండర్లోంచి చూడు. నీ లెన్సు గుండ్రం ఫ్రేము నట్టనడుమ కనపడాలి. వెంట్రుకవాసి పక్కకున్నా స్టాండు కదుపు. రంగుల కార్డు ఒక మూల పెట్టి మొదటి బొమ్మ తీయడం మరిచిపోవద్దు. కలంకారీలో ఎరుపు మారిందంటే చేసినాయన మనసు కష్టపెట్టినట్టే.

ఒక్కో బట్టకు తొమ్మిది బొమ్మలు, అతుకులు, అరపూట పని. నెలకు రెండు మూడు బట్టలైతే ఇదే చాలు. రోజుకు పది బట్టలు వచ్చే రోజు, అతికించడానికే టైము చాలని రోజు, అప్పుడు జీఎఫ్ఎక్స్ కొను, నేనే వచ్చి సంతకం పెడతా. ఈలోగా పెద్ద ఆర్డరు వస్తే చెన్నై వెళ్ళి రెండు రోజులకు అద్దెకు తెచ్చుకో, ఆ అద్దె బిల్లులో కలుపు. అప్పటికీ కొనాలనిపిస్తే నీ మెమరీ కార్డు తీసుకుని షాపుకెళ్ళు, అక్కడే చేత్తో పట్టుకుని 60వ వంతు సెకనులో కొన్ని, 250వ వంతు సెకనులో కొన్ని కొట్టి, ఇంటికొచ్చి నీ సిస్టములో తెరిచి చూడు. పాడైతే సర్వీసుకు ఎక్కడికి పంపాలో, ఎన్నాళ్ళు పడుతుందో, ఆ రోజుల్లో వేరే బాడీ ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడుగు.

లోను లెక్క కూడా వేశాను. 14 శాతం వడ్డీకి, మూడేళ్ళకు, నెలకు దాదాపు 24 వేలు. మొత్తం 8 లక్షల 60 వేల పైన కడతావు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, మూఢం వస్తే నెలల తరబడి ముహూర్తాలుండవు. బ్యాంకుకు ఆషాఢమూ తెలియదు, మూఢమూ తెలియదు. పోయినేడు ఆ రోజుల్లో నువ్వు అసిస్టెంటుకు జీతం ఇవ్వడానికి మీ యమ్మ దగ్గర చేబదులు తీసుకున్నావు. ఆ మాట ఆమె నాకు చెప్పలేదు, నువ్వే చెప్పావు.

ఆదివారం ఆ కలంకారీ బట్ట తీసుకుని మా ఇంటికి రా. నీ ట్రైపాడు, ఆ 100 మ్యాక్రో లెన్సు మరిచిపోకుండా తెచ్చుకో. మేడ మీద గది ఖాళీ చేయించాను, కిటికీలకు నల్లగుడ్డ కట్టాను. అద్దం నా దగ్గరుంది.

మీ మామ