నీ పేపర్ ఎవరు దిద్దుతున్నారు?

గుంటూరు, అరండల్‌పేట

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. సీఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెన్సీ మధ్య మెట్టు) పరీక్షకి కోచింగ్ వద్దన్నావట, అన్ని సబ్జెక్టుల క్లాసులూ ఫోన్లో ఉచితంగా దొరుకుతున్నాయి, వాటితోనే మూడేసి పేపర్ల రెండు గ్రూపులూ కొట్టేస్తానన్నావట. నాన్న మీద భారం పడకూడదనే నువ్వు అలా అన్నావని నాకు తెలుసు. అందుకే ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఉత్తరం రాస్తున్నాను.

ఆ క్లాసుల్ని నేను తక్కువ చేయను. నా దగ్గర ఆర్టికల్స్, అంటే సీఏ శిక్షణ, చేసే పిల్లలు చూస్తుంటే నేనూ కూర్చుని కొన్ని చూశాను. చాలా బాగా చెబుతున్నారు. మా రోజుల్లో అంత ఓపికగా చెప్పేవాళ్లు దొరకడమే కష్టం. పాఠం అర్థం కావడానికి అవి చాలు. అయితే పరీక్ష పాఠం అర్థమైందా అని అడగదమ్మా. ఈ చిక్కు నీది, మూడు గంటల్లో తేల్చి కాగితం మీద చూపించమంటుంది.

ఒక లెక్క వేసి చూడు. నీకు కంపెనీ లాలో సీఎస్‌ఆర్ ఉంది, అంటే కంపెనీలు లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలనే నియమం, సెక్షన్ 135. ముందు సంవత్సరం నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే సొంత విలువ) 500 కోట్లు, టర్నోవర్ (అమ్మకాలు) 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా కంపెనీకి వర్తిస్తుంది. కమిటీ వేయాలి, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఇది ఏ క్లాసులో చూసినా అరగంటలో వచ్చేస్తుంది. ఇప్పుడు ప్రశ్న ఇలా వచ్చిందనుకో: టర్నోవర్ 300 కోట్లు, నికర లాభం 6 కోట్లు, మూడేళ్ల సగటు కూడా 6 కోట్లే, కమిటీ వేయాలా? క్లాసు మాత్రమే విన్న పిల్ల వెంటనే "లాభం 5 కోట్లు దాటింది కాబట్టి వేయాలి" అని రాసేస్తుంది. కానీ 6 కోట్లలో 2 శాతం 12 లక్షలే. ఖర్చు పెట్టాల్సింది 50 లక్షలు దాటకపోతే కమిటీ అక్కర్లేదు, ఆ పని బోర్డే చూసుకోవచ్చు. ఈ సడలింపు 2021 జనవరిలో అమల్లోకి వచ్చింది. అంతకుముందు రికార్డు చేసిన వీడియోలో ఇది ఉండనే ఉండదు. ఉచితంగా దొరికేవాటిలో పాతవి బోలెడు. వీడియో కింద తేదీ ఎంతమంది చూస్తారు?

సరే, కొత్త వీడియోలోనే విన్నావనుకుందాం. అయినా ఆ 12 లక్షల లెక్క వేయాలని నీ చేతికి తోచాలి. అలాంటి ప్రశ్నలు పది రాసి, మూడింట్లో తప్పు పోయి, ఎవరైనా ఎర్రసిరాతో గీత గీసి చూపిస్తేనే ఆ తోచడం వస్తుంది. జవాబు తెలిసినా ముందు చట్టం ఏం చెబుతోంది, తర్వాత ఇక్కడి సంగతికి అది ఎలా వర్తిస్తుంది, ఆఖరున తీర్పు, ఈ వరుసలో రాయకపోతే ఐదు మార్కుల ప్రశ్నకి ఒకటో రెండో పడతాయి. ఆ తేడా నీ అంతట నీకు కనబడదు. నీ జవాబు నువ్వు చదువుకుంటే అన్నీ రాసినట్టే ఉంటుంది.

టాక్స్ సంగతి మరీ జాగ్రత్త. 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ పోయి టాక్స్ ఇయర్ వచ్చింది. జీఎస్టీ రేట్లు 2025 సెప్టెంబర్ 22న మారాయి. నీ అటెంప్ట్‌కి ఏ చట్టం, ఏ తేదీ వరకు వచ్చిన సవరణలు వర్తిస్తాయో పరీక్ష పెట్టే సీఏ ఇన్‌స్టిట్యూట్ ప్రకటనలో చూసుకుని, ఆ తర్వాతే ఏ వీడియో అయినా మొదలుపెట్టు.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మొదటిసారి గ్రూపు రాసినప్పుడు నాకు మూడు పేపర్లలో కలిపి 171 వచ్చాయి. పాసవడానికి 150 చాలు. కానీ కాస్టింగ్‌లో, అంటే తయారీ ఖర్చుల లెక్కల పేపర్లో, 38. ప్రతి పేపర్లో 40 రావాలి కదా, గ్రూపు పోయింది. మీ తాతయ్య ఏమీ అనలేదు, ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు. నేను క్లాసు ఒక్కటి మానలేదమ్మా, నోట్సు అచ్చు వేసినట్టు రాసుకున్నాను. విన్నాను, రాసుకున్నాను, తలూపాను. ఒక్కటంటే ఒక్క పేపర్ గడియారం పెట్టుకుని రాయలేదు. తర్వాత మా ఆఫీసులో సీనియర్ ఒకాయన నా చేత ప్రాసెస్ కాస్టింగ్ లెక్క చేయించి చూసి, "వర్కింగ్ నోట్స్ ఏవి?" అన్నారు. లెక్కంతా బుర్రలో చేసేసి అంకె మాత్రం వేసేవాణ్ని. అంకె తప్పితే మార్కులన్నీ పోయేవి. అడుగడుగూ చూపించి ఉంటే ఆ రెండు మార్కులు ఎప్పుడో వచ్చేవి. ఆయన ఆరు పేపర్లు దిద్దారు, అంతే. రెండోసారి గట్టెక్కాను.

అందుకని కోచింగ్‌లో చేరి తీరమని నేను అనడం లేదు. చేరినవాళ్లలోనూ నాలాగా తలూపి వచ్చేసేవాళ్లు ఉన్నారు. ఆ డబ్బు మిగిలితే మిగలనీ. ఒక సబ్జెక్టుకి ఒకే మాస్టారిని పట్టుకో. ఇద్దరు ముగ్గురి దగ్గరికి పోతే ఒక్కొక్కరిది ఒక్కో ఫార్మాట్, పరీక్షలో అన్నీ కలగాపులగం అవుతాయి. ఇన్‌స్టిట్యూట్ స్టడీ మెటీరియల్, ఆర్టీపీలు (పరీక్షకి ముందు వాళ్లిచ్చే రివిజన్ పేపర్లు), మాక్ టెస్ట్ పేపర్లు, పాత ప్రశ్నలకి సజెస్టెడ్ ఆన్సర్లు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితమే. పిల్లలు వీడియోల మోజులో వీటిని వదిలేస్తున్నారు, నాకు బాధేస్తుంది. గంట క్లాసు చూస్తే కనీసం గంటన్నర కాగితం మీద చెయ్యి. మాస్టారు ఐదు మార్కుల లెక్క నలభై నిమిషాలు విప్పి చెబుతారు, పరీక్షలో దానికి నీకు దొరికేది తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలు ఇంట్లో అలవాటు కావాలి. 30 మార్కుల ఎంసీక్యూలు (ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే ప్రశ్నలు) కూడా కేసు చదివి తేల్చేవే, చివర్లో చూసుకుందాం అనుకోకు.

కాస్త డబ్బు పెట్టదలిస్తే పేపర్లు దిద్ది ఇచ్చే టెస్ట్ సిరీస్‌కి పెట్టు. బెజవాడలో ఇన్‌స్టిట్యూట్ బ్రాంచ్ ఉంది కదా, మాక్ టెస్టులు ఎప్పుడో వెళ్లి కనుక్కో. ఇంట్లో కుదరకపోతే లైబ్రరీలో రాయి, ఫోన్ మాత్రం అమ్మకి ఇచ్చి వెళ్లు.

వచ్చే ఆదివారం నాకు ఖాళీయే. శనివారం అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ మాక్ పేపర్ ఒకటి రెండింటి నుంచి ఐదింటి దాకా కూర్చుని రాయి. మధ్యలో లేవకు, పుస్తకం తెరవకు. రానివి ఖాళీగా వదిలెయ్, తర్వాత నింపకు. ఆ కాగితాలు తీసుకుని పొద్దున్నే బస్సెక్కి వచ్చెయ్. అత్తయ్య నీకిష్టమైన గోంగూర పచ్చడి చేస్తానంది. భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

మీ మామయ్య